సముద్రంలో కాపురాలు



"ఇంటిని చూసి ఇల్లాలిని చూడు" అన్నారు మన పెద్దలు. ఆ మాటలో న్యాయమెంత ఉన్నదో మనం మరోసారి వాదించుకుందాం గాని, సముద్రంలో మాత్రం ఇది అక్షరాలా నిజమట. పగడపు దిబ్బల్లో ఇంటి తీరు చూస్తే చాలు, అందులో ఎన్ని రకాల చేపలు కాపురముంటున్నవో ఇంచుమించుగా చెప్పేయవచ్చునని శాస్త్రజ్ఞులు అంటారు. ఈ చిన్న సంగతి తెలుసుకోవడానికి వారికి నూరేళ్ళకు పైగా పట్టింది. అందులో ఆడవాళ్ళ చెయ్యి కూడా తక్కువేమీ కాదు. ఆ కథే ఈ రోజు చెప్పుకుందాం.

పగడం అనగానే మనకు గుర్తుకొచ్చేది నల్లపూసల నడుమ ఎర్రని పూస, లేదా కుజదోషమన్నవారు పెట్టుకునే ఉంగరం. ఆ ఎర్ర పగడం మధ్యధరా సముద్రంలో దొరికే సరుకు. రోము రాజ్యం నాటి నుండీ ఓడలెక్కి మన దేశానికి వస్తూనే ఉన్నది. 13వ శతాబ్దంలో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన శాసనంలో, సుంకం కట్టవలసిన సరుకుల పట్టికలో పగడాలు కూడా ఉన్నవి. కాని నేను చెప్పబోయేది ఆ నగల పగడం గురించి కాదు. దానికి దూరపు చుట్టమైన మరో పగడం గురించి. నగకు పనికిరాదు గాని, సముద్రంలో ఊళ్ళకు ఊళ్ళే కట్టేది అదే.

ఈ దిబ్బలు కట్టే జీవి చాలామటుకు మన గోరంత కూడా ఉండదు. మెత్తగా ఉంటుంది. తన చుట్టూ సున్నంతో గట్టి గూడు కట్టుకుంటుంది. దాని ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురముండి, సూర్యరశ్మితో వంట చేసి దానికి పెడుతూ ఉంటుంది. తరం మీద తరం, గూడు మీద గూడు. ఇలా వేల సంవత్సరాలు కట్టుకుంటూ పోతే పగడపు దిబ్బ అవుతుంది. నీరు వెచ్చగా ఉండాలి, తేటగా ఉండాలి, ఎండ అడుగుదాకా అందాలి. గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రు నీరు ఈ జీవికి పడదు. అందుకే మన తెలుగు తీరంలో ఇటువంటి పెద్ద దిబ్బలు లేవు. లక్షద్వీపాలు, అండమాన్ నికోబార్ దీవులు, తమిళనాడు దగ్గర మన్నారు సింధుశాఖ, గుజరాత్‌లో కచ్ సింధుశాఖ, మన దేశంలో వాటి నెలవులు ఇవి. ప్రపంచం మొత్తం మీద చూసినా సముద్రపు నేలలో ఈ దిబ్బలు ఆక్రమించినది ఒక శాతం కూడా లేదు. కాని సముద్రజీవుల జాతులలో సుమారు నాలుగో వంతుకు ఇవే ఆధారం. అంత ఇరుకు చోట అన్ని కాపురాలు ఎట్లా ఇమిడినవి? అదే అసలు ప్రశ్న.

మొదట ఈ దిబ్బల గురించి పద్ధతిగా ఆలోచించినవారిలో చార్లెస్ డార్విన్ ఒకరు. ఆయన 1836లో హిందూ మహాసముద్రంలోని కీలింగ్ దీవులను చూశాడు. 1842లో ఒక పుస్తకం రాశాడు. పాత అగ్నిపర్వతం మెల్లగా నీటిలోకి కుంగిపోతుంటే, దాని అంచున పగడం పైపైకి కట్టుకుంటూ వస్తుందని ఆయన సిద్ధాంతం. నూరేళ్ళు దాటిన తర్వాత పసిఫిక్ దీవుల్లో లోతుగా బోర్లు వేసి చూస్తే అది నిజమేనని తేలింది. అయితే డార్విన్ చెప్పింది ఇంటి పునాది సంగతి. లోపల ఎవరున్నారు, ఎందుకున్నారు అన్నది పైనుండి చూస్తే తెలిసేది కాదు గదా.

1928లో ఇంగ్లండు నుండి ఒక శాస్త్రజ్ఞుల బృందం ఆస్ట్రేలియా వెళ్ళి, గ్రేట్ బారియర్ రీఫ్‌లోని లో ఐల్స్ అనే చిన్న దీవి మీద ఏడాది పాటు మకాం వేసింది. నాయకుడు మారిస్ యంగ్. ఆయన భార్య మ్యాటీ యంగ్ ఆ బృందానికి డాక్టరు. షీనా మార్షల్ నీటిలో తేలియాడే అతి సూక్ష్మ జీవులను లెక్కపెట్టింది. సిడ్నీ మాంటన్ అనే యువతి దిబ్బ మీద గీత గీసినట్లు వరుసలు ఏర్పరచుకుని, ఏ వరుసలో ఏ పగడం ఎంత ఉన్నదో ఓపికగా పటం వేసింది. ఆడవాళ్ళు బయటి దేశాలకు పరిశోధనకు పోవడమే వింతగా చూసే రోజులవి. దిబ్బ అంతా ఒకే తీరుగా ఉండదనీ, అలలు కొట్టే వైపు ఒక తీరు, చాటున మరొక తీరు అనీ ఇటువంటి పటాల వల్లనే స్పష్టంగా తెలిసింది. ఇంటి ప్లాను చేతికి వచ్చిందన్నమాట.

ఇక కాపురాల సంగతి తెలియాలంటే మనిషి నీటి అడుగున నిలబడి చూడాలి. 1943లో ఫ్రాన్సులో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ అనే ఇద్దరు వీపుకు తగిలించుకునే గాలి సిలిండరు పరికరాన్ని తయారు చేశారు. దానితో చేపల నడుమకు మనిషి పోగలిగాడు. పోయినవాళ్ళలో ఒకరైన జాన్ ర్యాండాల్ వర్జిన్ దీవుల దగ్గర ఒక వింత చూశాడు. దిబ్బ చుట్టూ, సముద్రపు గడ్డి మొదలయ్యే ముందు, కొన్ని గజాల మేర నేల బోడిగా ఉన్నది. ఎందుకు? గడ్డి మేసే చేపలు ఇల్లు వదిలి దూరం పోవు. శత్రువు కనపడితే పరుగున వచ్చి కంతలో దూరేటంత దూరమే మేస్తాయి. వీధిలో ఆడుకునే చంటిపిల్లలు మన గుమ్మం కనపడేంత దూరమే పోయినట్లు! ఆయన గడ్డి నడుమ కాంక్రీటు దిమ్మలు పేర్చి చూస్తే, వాటి చుట్టూ కూడా అటువంటి బోడి వలయమే ఏర్పడింది. 1965లో ఈ సంగతి ప్రకటించాడు. చేపకు తిండి ఎంత ముఖ్యమో తలదాచుకునే చోటు అంత ముఖ్యమని దీనితో తేలింది.

అదే వర్జిన్ దీవుల దగ్గర 1970లో మరో ముచ్చట జరిగింది. అమెరికావారు సముద్రం అడుగున, సుమారు 50 అడుగుల లోతున, ఒక ఇల్లు దించారు. పేరు టెక్‌టైట్. శాస్త్రజ్ఞులు అందులో వారాల తరబడి కాపురముండి చేపలను చూడాలి. దరఖాస్తు పెట్టినవారిలో ఆడవాళ్ళు కూడా ఉన్నారు. ఆడా మగా కలిసి నీటి అడుగున ఉండడమా అని అధికారులకు సంకోచం కలిగింది. చివరకు అయిదుగురు స్త్రీలతోనే ఒక ప్రత్యేక బృందం ఏర్పాటయింది. నాయకురాలు సిల్వియా ఎర్ల్, అప్పటికే ముగ్గురు బిడ్డల తల్లి. పత్రికలవారు వీళ్ళకు వేళాకోళపు పేర్లు పెట్టారు. వీళ్ళు అవేవీ పట్టించుకోకుండా రెండు వారాలు అక్కడే ఉండి, చేపలు మేసే మొక్కలేవి, మేయనివేవి అని జాబితాలు రాసుకుని వచ్చారు. 1990లో అమెరికా ప్రభుత్వ సముద్ర వాతావరణ సంస్థకు ప్రధాన శాస్త్రజ్ఞురాలైన మొదటి మహిళ ఈ సిల్వియా ఎర్లే.

ఆ టెక్‌టైట్ ఇంట్లో ఉన్న మరికొందరు శాస్త్రజ్ఞులు పొద్దుగూకే వేళ జరిగే మార్పును కనిపెట్టి చూశారు. పగలంతా తిరిగే చేపలు సాయంత్రానికి తమ తమ కంతల్లోకి చేరతాయి. పగలంతా గుహల్లో నిద్రపోయిన పెద్ద కళ్ళ ఎర్ర చేపలు అప్పుడు బయటికి వస్తాయి. తెల్లవారితే మళ్ళీ తారుమారు. మిల్లులో పగటి షిఫ్టు, రాత్రి షిఫ్టు కూలీలు ఒకే గదిని పంచుకున్నట్లు! ఇరుకు చోట అన్ని కాపురాలు ఇమడడంలో ఇది ఒక రహస్యం.

రెండో రహస్యం తెలియడానికి ఆధారం సముద్రంలో కాదు, అడవిలో దొరికింది. 1961లో రాబర్ట్ మెకార్థర్, జాన్ మెకార్థర్ అనే ఇద్దరు పక్షులను లెక్కబెట్టారు. అడవిలో ఎన్ని జాతుల చెట్లున్నవి అన్నది పక్షులకు అంత ముఖ్యం కాదట. నేల దగ్గర పొదలు, నడుమ కొమ్మలు, పైన గుబురు, ఇలా ఎన్ని అంతస్తులున్నవి అన్నదాన్ని బట్టే పక్షుల రకాలు పెరుగుతాయట. మరి సముద్రంలో? దిబ్బకు అంతస్తులు కొలవడమెట్లా?

ఇక్కడ శాస్త్రజ్ఞులు వాడిన పరికరం వింటే మీకు నవ్వు వస్తుంది. మామూలు గొలుసు! మైకేల్ రిస్క్ అనే ఆయన దిబ్బల ఎగుడుదిగుడుకూ చేపల రకాలకూ గట్టి సంబంధమున్నదని 1972లోనే రాశాడు. 1978లో లక్‌హర్స్ట్ అనే ఇంటిపేరు గల ఇద్దరు పరిశోధకులు కరేబియన్ సముద్రంలోని క్యూరసావ్, బొనెయిర్ దీవుల దగ్గర ఇదే సంగతి గొలుసుతో కొలిచి చూపించారు. గొలుసును దిబ్బ మీద పరుస్తారు. అది ప్రతి గుంటలోకి దిగి, ప్రతి గుట్ట ఎక్కి పోతుంది. తర్వాత మొదటి నుండి చివరకు టేపుతో తిన్నగా కొలుస్తారు. నేల చదునుగా ఉంటే పది మీటర్ల గొలుసు పది మీటర్లే పోతుంది. బాగా ఎగుడుదిగుడుగా ఉంటే నాలుగు మీటర్లకే అయిపోతుంది. మన చీర సంగతి తెలియనిది కాదు గదా! పరిస్తే గదినిండా వచ్చే చీర, కుచ్చిళ్ళు పోస్తే జానెడు జాగాలో ఇమిడిపోతుంది. దిబ్బ కూడా అంతే. సముద్రపు నేలకు పగడం పోసిన కుచ్చిళ్ళవి. ఎన్ని మడతలుంటే అంత చోటు, ఎంత చోటుంటే అన్ని కాపురాలు. గొలుసు ఎక్కడ తొందరగా అయిపోయిందో అక్కడే చేపల రకాలు ఎక్కువగా కనిపించినవి.

అంతటితో తగవు తీరిందా అంటే, లేదు. ఆస్ట్రేలియాలో పీటర్ సేల్ అనే శాస్త్రజ్ఞుడు అదే రోజుల్లో అడ్డం తిరిగాడు. చేపపిల్లలు పుట్టగానే వారాల తరబడి నడిసముద్రంలో కొట్టుకుపోతూ ఉంటాయి. తిరిగి ఏదో ఒక దిబ్బకు చేరేసరికి ఏ కంత ఖాళీగా ఉంటే అందులో దూరతాయి. ముందు వచ్చినదానిదే ఇల్లు. ఇదంతా లాటరీ అన్నాడు ఆయన. టు లెట్ బోర్డు కనపడగానే ముందు అడ్వాన్సు ఇచ్చినవారిదే వాటా అయినట్లు! హెరాన్ దీవి దగ్గర మూడు జాతుల చిన్న చేపలు ఒకే రకం రాతిముక్కల చోట్లను పంచుకుంటున్నవి. ఒకటి పోతే ఆ చోటుకు ఏ జాతి వస్తుందో ముందుగా చెప్పలేకపోయామని ఆయన చూపించాడు. ఈ వాదం చాలా ఏళ్ళు నడిచింది. ఇప్పుడు చూస్తే ఇద్దరి మాటా కొంత నిజమే. ఒక వాటాలోకి ఎవరు వస్తారన్నది అదృష్టం కావచ్చు. కాని అసలు వాటాలు ఎన్ని ఉన్నవి, ఎంతెంత ఉన్నవి అన్నది ఇల్లే నిర్ణయిస్తుంది.

ఆ "ఎంతెంత" అన్న మాట ముఖ్యమండీ. మార్క్ హిక్సన్, జేమ్స్ బీట్స్ అనే ఇద్దరు వర్జిన్ దీవుల దగ్గర కాంక్రీటు దిమ్మలతో చిన్న చిన్న దిబ్బలు కట్టారు. కొన్నిటికి కంతలు లేవు. కొన్నిటికి చిన్న కంతలు, కొన్నిటికి పెద్దవి. కంతలు లేనిచోట చేపలు తక్కువ. చిన్న కంతలున్నచోట చిన్న చేపలు గుంపులుగా చేరినవి. పెద్ద కంతల్లోకి మాత్రం పెద్ద చేపలు చేరి, చిన్నవాటిని మింగడం మొదలుపెట్టినవి! 1989లోనూ, 1993లోనూ వారు రాసిన దాని సారాంశం ఏమిటంటే, ప్రతి చేపకూ తన ఒంటికి సరిపోయే కంత కావాలి. మన ఇళ్ళలో కూడా ఒక్క హాలు ఎంత పెద్దదున్నా ఏం లాభం? వంటిల్లు, పెరడు, పిల్లలు దాగుడుమూతలాడే మెట్లకింది సందు, అన్నీ ఉంటేనే గదా పదిమంది ఉండగలిగేది.

ఇంతవరకు చెప్పింది తెలివి పెరిగిన కథ. ఇక ఇల్లు కూలిన కథ వినండి.

కరేబియన్ సముద్రంలో దుప్పి కొమ్ముల్లా కొమ్మలు వేసే పగడం ఉండేది. ఆ దిబ్బల మడతల్లో ఎక్కువ భాగం దాని చలవే. 1970ల చివర నుండి దానికి తెల్లని పట్టీలు పడే తెగులు తగిలి, దీవి తర్వాత దీవిలో చచ్చిపోయింది. 1983, 84 సంవత్సరాల్లో మరో దెబ్బ తగిలింది. నల్లని పొడుగాటి ముళ్ళతో బంతిలా ఉండే ఒక జీవి అక్కడ పగడం మీద పెరిగే నాచును తిని శుభ్రం చేస్తుండేది. అంటువ్యాధితో అది దాదాపుగా తుడిచిపెట్టుకుపోయింది. నాచు పెరిగి పగడాన్ని కమ్మేసింది. చచ్చిన కొమ్మలు తుపానులకు విరిగి గులకరాళ్ళయినవి. 1969 నుండి 2008 దాకా 200 దిబ్బల మీద తీసిన 500 కొలతలను 2009లో కొందరు పరిశోధకులు ఒకచోట చేర్చి చూశారు. మొదట్లో పది మీటర్ల గొలుసు నాలుగు మీటర్లకు అయిపోయేది. చివరికి వచ్చేసరికి ఎనిమిది మీటర్లకు పైగా సాగింది. బాగా చదునైపోయిన దిబ్బలు 1970ల్లో అయిదింట ఒక వంతు ఉండేవి. అవి నాలుగింట మూడు వంతులైనవి. కుచ్చిళ్ళన్నీ ఊడిపోయినవన్నమాట.

సముద్రపు నీరు మామూలుకన్నా ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి, వారాల తరబడి అట్లాగే ఉంటే, పగడం తన ఒంట్లోని నాచును బయటికి పంపేస్తుంది. వంటమనిషి పోయినట్లే. పగడం తెల్లబడి, ఆకలితో చచ్చిపోతుంది. 1998లో ప్రపంచమంతటా ఇట్లా జరిగింది. సీషెల్స్ దీవుల దగ్గర నూటికి తొంభై వంతులకు పైగా పగడం పోయింది. విచిత్రమేమిటంటే, మరునాడే చేపలు పోలేదు. పగడం చచ్చినా దాని సున్నపు గూడు కొన్నేళ్ళు నిలబడే ఉంటుంది. పెద్ద చేపలు అందులోనే కాలక్షేపం చేసినవి. అంతా బాగానే ఉన్నదనిపించింది. గూళ్ళు పొడిపొడిగా రాలిపోయిన తర్వాతే అసలు దెబ్బ తెలిసింది. చిన్న చేపలు దాక్కునే చోటు లేక తగ్గిపోయినవి. పెరిగి పెద్దవాటి స్థానంలోకి రావలసినవి అవే. యజమాని పోయిన ఇంట్లో గోడలు నిలిచినన్నాళ్ళు పిల్లలు నెట్టుకొచ్చి, కప్పు కూలినరోజు వీధిన పడ్డట్లు.

ఆ సీషెల్స్‌లోనే 21 దిబ్బలను ఏళ్ళ తరబడి చూసినవారు 2015లో ఒక మంచిమాట చెప్పారు. పన్నెండు దిబ్బలు మళ్ళీ కోలుకున్నవి. తొమ్మిది నాచు పాలైనవి. ఏది కోలుకుంటుందో ముందుగా చెప్పడానికి బాగా పనికివచ్చిన గుర్తులు రెండు: దిబ్బ ఎగుడుదిగుడు, నీటి లోతు. మడతలు నిలిచినచోట నాచు మేసే చేపలు నిలుస్తాయి, అవి శుభ్రం చేసిన చోట పిల్ల పగడం అంటుకుంటుంది. ఇల్లు చేపను కాస్తే, చేప ఇంటిని కాస్తుంది. అయితే 2016లో వేడి మళ్ళీ వచ్చి, కోలుకున్నవాటిని కూడా దెబ్బతీసింది.

"మరి చేపలు పట్టకుండా కాపలా పెడితే సరిపోదా?" అని మీరడగవచ్చు. పాపువా న్యూగినీలో కింబె అఖాతం దగ్గర అదీ చూశారు. ఎనిమిదేళ్ళలో పగడం బాగా తగ్గింది. దానితోపాటే నాలుగింట మూడు వంతుల జాతుల చేపలు తగ్గినవి. వేట నిషేధించిన చోట కూడా ఇదే కథ అని 2004లో ప్రకటించారు. వాకిట్లో కాపలావాడుంటే దొంగ రాకపోవచ్చు. ఇల్లే కూలితే కాపలావాడేం చేస్తాడు?

ఇక మన దేశం సంగతి. లక్షద్వీపాల దిబ్బలు 1998, 2010, 2016 సంవత్సరాల్లో మూడుసార్లు ఇట్లా తెల్లబడినవి. సుమారు పాతికేళ్ళ పరిశీలనలో అక్కడ బతికి ఉన్న పగడం ఇంచుమించు సగమైంది. అక్కడ గ్రూపర్ అనే పెద్ద వేట చేపల మీద రుచా కార్కరే అనే మన పరిశోధకురాలు, ఆమె సహచరులు పనిచేశారు. తక్కువ కాలం బతికే రకాలు ఎట్లాగో సర్దుకుంటాయట. దీర్ఘాయుష్షు గల పెద్ద రకాలకు మాత్రం ఏళ్ళ తరబడి చెక్కుచెదరకుండా నిలిచిన దిబ్బలే కావాలట. 2014లో వారు చెప్పిన మాట ఇది. నిండు జీవితం గడపాలంటే నిలకడైన ఇల్లు కావాలి. ఇది చేపకయినా అంతే. ఆ దీవుల్లో మనుషులు నిలబడి ఉన్న నేల కూడా పగడం కట్టినదే. కొట్టే అలను ముందుగా ఆపేది ఆ దిబ్బే. అది చదునైపోతే పోయేది చేపల కూర ఒక్కటే కాదు.

మన్నారు సింధుశాఖలో మరో విధమైన నష్టం జరిగింది. సున్నానికీ, కట్టుబడికీ ఎన్నో దశాబ్దాలు పగడాన్ని తవ్వి పడవలకెత్తారు. అక్కడి 21 దీవుల్లో రెండు నీట మునిగిపోయినవి. 2001 నుండి మన దేశంలో దిబ్బలు కట్టే పగడపు జీవులన్నిటికీ వన్యప్రాణి చట్టం రక్షణ ఉన్నది.

"పోనీ, కొత్త ఇళ్ళు కట్టరాదా?" అంటారా? "ఇల్లు కట్టి చూడు" అని ఊరికే అన్నారా! 1972లో అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో పాత టైర్లు దించి చేపలకు ఇల్లన్నారు. ఇరవై లక్షల టైర్లు! కట్లు తెగి, అవి అలలకు దొర్లుతూ పక్కనున్న అసలు దిబ్బనే నలగగొట్టినవి. వాటిని పైకి తీయడానికి తర్వాత ఏళ్ళూ పూళ్ళూ పట్టింది. జాగ్రత్తగా చేసిన కాంక్రీటు దిమ్మలు కొంత మేలు. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థవారు తమిళనాడు తీరంలో అటువంటివి దించారు. చేపలు చేరుతున్నవి కూడా. కాని పగడం వేల ఏళ్ళు అల్లిన సందుగొందులు, పెరుగుతూ తనను తాను బాగుచేసుకునే గోడలు, ఏ మేస్త్రీ కట్టగలడు? 2023 మొదలు 2025 మొదటి నెలల వరకు వచ్చిన వేడి ప్రపంచంలోని దిబ్బల్లో నూటికి 84 వంతులను తాకిందని లెక్క తేల్చారు. కనుక ఉన్న ఇల్లు కూలకుండా చూడడమే ముందు చేయవలసిన పని.

మనం ఇళ్ళలో ఉండేవాళ్ళం, సముద్రానికి ఏం చేయగలం అని నిట్టూర్చకండి. యాత్రకు రామేశ్వరమో, అండమానో వెళ్ళినప్పుడు షోకేసులో పెట్టుకోవడానికి తెల్లని పగడపు కొమ్మ ఎవరైనా అమ్మజూపితే వద్దనండి. అది రాయి కాదు, ఎవరి ఇంటి గోడో. దీవి చూడటానికి నీళ్ళలో దిగితే దిబ్బ మీద కాలు మోపవద్దని పిల్లలకు చెప్పండి. విద్యుత్తు, పెట్రోలు వృథా చేయకపోవడం ఇంటి ఖర్చు తగ్గించే సంగతే అనుకుంటాం. సముద్రపు వేడికీ దానికీ లంకె ఉన్నదని కూడా వాళ్ళకు తెలియనివ్వండి. గొలుసు పరచి దిబ్బ మడతలు కొలిచే పని ఇప్పటికీ ఎన్నోచోట్ల జరుగుతూనే ఉన్నది. మీ అమ్మాయి ఎవరైనా రేపు ఆ గొలుసు పట్టుకుని నీళ్ళలోకి దిగుతానంటే కంగారుపడి ఆపకండి. ఆమెకు ముందే దిగిన ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు.